పన్నెండు ప్రశ్నల కాగితం

సముద్రం మధ్య దీవిలో తుఫాను జెండా ఎగరేయడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. అక్కడికి పడవ ఏడాదికొక్కసారే వెళ్తుంది. ఎవరి మీదా బెంగపెట్టుకోని మనిషినే పంపాలని రాజు పన్నెండు ప్రశ్నలు రాయించి, ఒక ఉద్యోగి చేతికిచ్చాడు.

ఉద్యోగి బుద్ధిమంతుడు, కాగితాన్ని నమ్మేవాడు. ఊరంతా తిరిగి తిరిగి, చివరికి వలలు బాగుచేసే ఆమె గుమ్మంలో కూర్చున్నాడు.

"ఒకటంటే అస్సలు కాదు, ఐదంటే అవునవును. అయినవాళ్ళు దూరమైపోతారేమోనని దిగులా అమ్మా?"

"నాకెవరున్నారని బాబూ? ఒకటేసుకో."

"మనసులో మాట ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తుందా?"

"ఒకటి."

అన్నిటికీ ఒకటే. అబద్ధమాడే మొహం కాదు. పాపం, తన గురించి తనకు తెలిసిందే చెప్తోంది.

పదకొండోది అయ్యాక "ఇంకెన్ని?" అంది.

విసుగొచ్చిందనుకున్నాడు ఉద్యోగి. "ఒక్కటేనమ్మా."

"అంతేనా?" అంది. ఆ ఒక్కదాన్నీ మూడుసార్లు చదివించుకుని, ఒకటే వేయించింది.

అతడు కాగితం మడిచి లేచాడు. "వెళ్తానమ్మా."

"అదేం మాట!" ఆమె చేతిలో వల జారిపోయింది. "వెళ్ళొస్తాననాలి."

ఆ గొంతు వణికింది. వణుకును ఎక్కడ రాయాలో తెలియక ఉద్యోగి కాగితం విప్పి చూశాడు. దానికి గడి లేదు.

"వెళ్ళొస్తానమ్మా," అన్నాడు.

రాజు కాగితం చూసి మురిసిపోయాడు. "అన్నీ ఒకట్లే! రేపే పడవెక్కించు."

"వద్దు ప్రభూ. ఒంటరిగా ఉంటే ఆవిడ చచ్చిపోతుంది."

"అయితే అబద్ధం చెప్పిందా?"

"లేదు. తనకు తెలిసినంత నిజం చెప్పింది."

"మరి దీవికెవరు?"

"ఇకనుంచి నెలనెలా పడవ నడిపి, నెలకొకరిని పంపండి ప్రభూ. మొదటి వంతు నాది."

రాజు కాసేపు సణిగాడు గానీ, సరేనన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఉద్యోగి మళ్ళీ ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో కాగితం లేదు.

"చెప్పి రాకూడదూ? ఒక్కదానికే సరిపడా వండుకున్నాను," అని ఆమె కసురుకుంది. కసురుకుంటూనే పీట వాల్చి, బియ్యం కడిగి, పొయ్యి మీద ఎసరు పెట్టింది. పెదవుల మీద నవ్వు దాచుకోవడం ఆమెకు చేతకాలేదు.

"ఎంతసేపుంటావు?" అని అడిగింది, అటు తిరిగి.

"అన్నం ఉడికేదాకా ఉంటానమ్మా. తర్వాత పడవ ఉంది."

ఆమె మండుతున్న కట్టెల్లోంచి ఒకదాన్ని మెల్లగా వెనక్కి లాగింది.