నూకన్న తెల్లదుప్పటి

అనగనగా, మీ తాతల తాతలు ఇంకా మొలతాడుతో బురదలో పొర్లుతున్న రోజుల్లో, కోరంగి రేవులో నూకన్న అని ఒకడుండేవాడు. ఓడలు కట్టేవాళ్ళ బట్టలూ, ఓడలెక్కేవాళ్ళ బట్టలూ ఉతికేవాడు. ఎంత మురికిబట్టయినా సరే, ఆయన చేతిలో పడిందంటే ఇంక మాట్లాడే పనిలేదు. ఉతికాడు, ఆరేశాడు, మడతెట్టాడు. అంతే.

నూకన్నకి వయసు మళ్ళింది, పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. ఒకనాడు పెద్ద ఓడ దొర వచ్చి, "ఓడలో బట్టలుతకడానికి మనిషి కావాలి, వస్తావా?" అనడిగాడు. ఎవరున్నారని ఆగుతాడు పాపం? భార్య నేసిన తెల్లదుప్పటి ఒకటి చంకలో పెట్టుకుని ఎక్కేశాడు.

ఓడ పోయింది, పోయింది, పోయింది. ఇంగ్లీషువాళ్ళ దేశంలో వెల్మౌతు అనే రేవు చేరింది. పేరు నోరు తిరక్కపోతే వదిలెయ్యండి, కథేం ఆగదు. అక్కడికి చేరేసరికి నూకన్న ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. దొర చూశాడు, పెదవి విరిచాడు, మనిషిని రేవులో దింపించేశాడు. ఓడ వెళ్ళిపోయింది. నూకన్న మిగిలిపోయాడు.

ఆ రేవులో టీ అమ్ముకునే ఒక ముసలామె ఉంది. పేరు ఆగ్నెస్. మొగుణ్ణి సముద్రం మింగేసింది ఆవిడకి. ఓడల మీద వచ్చి దిక్కులేకుండా పడున్నవాణ్ణి చూస్తే ఊరుకోలేదు. గంజి కాచి పోసింది, కంబళి కప్పింది, బతికించింది. ఆవిడ మాట ఈయనకి రాదు, ఈయన మాట ఆవిడకి రాదు. మరెలా మాట్లాడుకున్నారంటారా? చేతుల్లేవూ? ముందు చేతులతో మాట్లాడుకున్నారు, పోనుపోను నోటితోనే మాట్లాడుకున్నారు. నూకన్న ఆవిణ్ణి ఆగ్నేసమ్మా అని పిలిచేవాడు.

ఆ ఊరికో ఫుట్‌బాల్ జట్టు ఉండేది. మైదానం పక్కనే ఆగ్నేసమ్మ టీ కొట్టు. ఆవిడే జట్టు పెద్దల్ని బతిమాలి నూకన్నకి పని ఇప్పించింది. ఆటగాళ్ళ చొక్కాలుతకడం. ఉండడానికి జనం కూర్చునే చెక్కమెట్ల కింద ఒక గది ఇచ్చారు. నూకన్నకి మహా సంతోషమైపోయింది. చాకలికి తను బట్టలుతికే ఇళ్ళంటూ ఉండాలి కదా! ఆ ఆటగాళ్ళనే తన ఇళ్ళనుకున్నాడు. ఉతికాడు, ఆరేశాడు, మడతెట్టాడు.

వాళ్ళలో పెద్ద ఆటగాడు ఒకడున్నాడు. పేరు ఆల్ఫ్రెడ్డు. జుట్టు ఎర్రగా మంటలా ఉండేది. నూకన్న ఎర్రబాబూ అనేవాడు. వాడు పలికేవాడు కాదు. మహా కోపిష్టి.

ఇక అసలు సంగతి వినండి. ఆ దేశంలో ఆ ఆటకి మెట్లున్నాయి. పై మెట్టు, దాని కింద మెట్టు, దాని కింద ఇంకోటి. ఏడాదంతా ఓడినవాళ్ళని కింది మెట్టుకి తోసేస్తారు. గెలిచినవాళ్ళని పైకి ఎక్కిస్తారు. ఆ ఏడు వెల్మౌతు ఓడింది, మళ్ళీ ఓడింది, ఆఖరి ఆట కూడా ఓడింది. ఇంకేముంది, కిందికి తోసేశారు.

ఊరంతా శోకం. ఊరికే శోకమా? తిట్లు! పెంకులు, కుళ్ళిన కూరగాయలు విసిరారు. ఆటగాళ్ళు ఏడుస్తూ, తలలు దించుకుని మైదానంలోంచి వస్తున్నారు. నూకన్న చూశాడు.

మన వైపు దేవుడు ఊరేగింపుకి బయల్దేరితే చాకలి ముందు నడుస్తూ ఉతికిన తెల్లబట్ట పరుస్తాడు కదా. మడుగు పరవడం అంటాం. దేవుడికే కాదు, ఏడుస్తూ అత్తారింటికి పోయే పిల్లకి కూడా పరుస్తాం. పోయేవాళ్ళ కాళ్ళకి మట్టంటకూడదని. నూకన్న గదిలోకి పరిగెత్తాడు. తన పెళ్ళాం నేసిన తెల్లదుప్పటి తెచ్చి, ఆటగాళ్ళు లోపలికొచ్చే దారిలో పరిచేశాడు. పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అయ్యో, ఏం చెప్పాలి! ఆ దేశంలో తెల్లబట్ట చూపిస్తే ఓడిపోయాం బాబోయ్ అని దండం పెట్టినట్టు. అదీగాక శవం మీద కప్పేదీ తెల్లబట్టే. ఎర్రబాబు చూశాడు. ముసలోడు వెక్కిరిస్తున్నాడనుకున్నాడు.

"మేం చచ్చామనుకున్నావా? మమ్మల్ని కప్పెడతావా?" అని అరిచి, దుప్పటిని ఒక్క తన్ను తన్నాడు. అడ్డం రాబోయిన నూకన్నని కూడా తోసేశాడు. ముసలి ఒళ్ళు, వెనక్కి పడ్డాడు. పక్కటెముక కలుక్కుమంది. జనం నవ్వారు.

నూకన్న లేచాడు. దుప్పటి తీసుకున్నాడు. ఉతికాడు, ఆరేశాడు, మడతెట్టాడు.

ఆగ్నేసమ్మ పక్కటెముకలకి కాపడం పెడుతూ అడిగింది, "ఎందుకు పరిచావయ్యా ఆ దుప్పటి?" అని. నూకన్న చెప్పాడు. దేవుడి గురించి, అత్తారింటికి పోయే పిల్ల గురించి చెప్పాడు. విన్న ఆవిడకి కొంగు లేదు గాని, ఉంటే నోట్లో కుక్కుకునేది. ఏడ్చేసింది.

"ఉండు, ఇప్పుడే పోయి ఆ ఆల్ఫ్రెడ్డుకి చెప్తాను. వచ్చి నీ కాళ్ళు పట్టుకోవాలి వాడు."

"వద్దమ్మా, నీకు పుణ్యం ఉంటుంది, చెప్పకు," అన్నాడు నూకన్న. "అడిగి చేయించుకుంటే అదేం మర్యాద? ఈ దుప్పటి మీద నా పిల్లలు ఒక్కసారి నడవాలి. కోపంగా కాదు, జాలిపడి కాదు. పైకెక్కిన రోజున పరుస్తాను. ఆ రోజు నడుస్తారు. అంతవరకూ నేను చావను చూడు."

ఇదీ నూకన్న కోరిక. ఇంకేం కోరలేదు. ఇల్లు కోరలేదు, ఓడెక్కి కోరంగి పోతాననీ అనలేదు.

కింది మెట్టు మీద ఆట మొదలైంది. ఆ ఊళ్ళో ఎండంటే దూరపు చుట్టం, వచ్చిందంటే కూర్చోకుండానే పోతుంది. ఎప్పుడూ వానే. సగం ఆటయ్యేసరికి ఆటగాళ్ళ ఒళ్ళు మంచుగడ్డలు. చొక్కాలు తడిసి ఇంత బరువు. మొదటి ఆట ఓడారు. రెండోదీ ఓడారు.

నూకన్న ఆలోచించాడు. పోయిన ఏళ్ళ చిరుగుల చొక్కాలు మూలన పడున్నాయి. వాటిని కుట్టాడు. ఉతికాడు. తన గదిలో బొగ్గులపొయ్యి చుట్టూ తాళ్ళు కట్టి ఆరేశాడు. మూడో ఆటలో, సగం ఆటకి అందరూ వణుకుతూ లోపలికొచ్చేసరికి, తలో చొక్కా చేతిలో పెట్టాడు. పొయ్యి దగ్గర్నుంచి తెచ్చినవి, పొగలు కక్కే వెచ్చటి చొక్కాలు! తల్లి ఒళ్ళో కూచున్నట్టుంది వాళ్ళకి. వెళ్ళి ఆడారు. గెలిచారు.

ఇక అదే వరస. ప్రతి ఆటకీ వెచ్చటి చొక్కా, ప్రతి ఆటకీ రెండో సగంలో గెలుపు. అవతలి జట్టు తడిసిన కోడిపిల్లల్లా వణుకుతుంటే వీళ్ళు దుమ్ము దులిపేసేవాళ్ళు. ఊరు మళ్ళీ మైదానానికి రావడం మొదలెట్టింది. తిట్టిన నోళ్ళే పాటలు కట్టాయి. జనం అంతేలెండి.

అయితే ఆ గదికి కిటికీ లేదు. తడిబట్టల ఆవిరి, బొగ్గుపొగ. వాటి మధ్యనే నూకన్న పడక. దగ్గు పట్టుకుంది. ముందు పొడిదగ్గు, తర్వాత కఫం, తర్వాత రక్తం. ఆగ్నేసమ్మ తన ఇంటికొచ్చి పడుకోమంది. "నేనొచ్చేస్తే పొయ్యి ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు.

చలి ముదిరిన రోజుల్లో ఒక పెద్ద ఆట గెలిచారు. నూకన్న మనసు ఆగలేదు. నడుస్తారేమో, ఇప్పుడే నడుస్తారేమో అనుకుని, రెండోసారి దుప్పటి పరిచాడు. ఎర్రబాబు వచ్చాడు. ఆగాడు. దుప్పటిని చూశాడు, ముసలాయన్ని చూశాడు. ఈసారి తన్నలేదు. పక్కనుంచి దాటిపోయాడు. మిగతావాళ్ళు వాడి వెనకే పోయారు.

"చూశావా ఆగ్నేసమ్మా? తన్నలేదు!" అని నూకన్న పసిపిల్లాడిలా సంబరపడ్డాడు. ఆవిడ మాత్రం అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఇంక మాట ఆపుకోలేకపోతున్నాను, చెప్పేస్తాను అంది. తను బతికుండగా చెప్పనని నూకన్న ఒట్టు పెట్టించుకున్నాడు.

ఆఖరి ఆట వచ్చింది. ఆ ఒక్కటీ గెలిస్తే పైకెక్కినట్టే. ఆ పొద్దున నూకన్న లేవలేకపోయాడు. కూచునే చొక్కాలు మడతెట్టాడు. వాటి పక్కనే తెల్లదుప్పటి పెట్టుకున్నాడు.

"వేళకి నన్ను లేపి నిలబెట్టమ్మా. నేనే పరవాలి."

"అలాగేనయ్యా," అంది ఆవిడ. ఇంకేమంటుంది?

నెత్తి మీద చెక్కమెట్లు. వాటి మీద ఊరి జనమంతా. వాళ్ళు కాళ్ళు దబదబలాడిస్తుంటే నూకన్న పడక మీద దుమ్ము రాలుతోంది. ఆట అంతా ఆ కాళ్ళ చప్పుడులోనే విన్నాడు. సగం ఆటకి ఆగ్నేసమ్మ వెచ్చటి చొక్కాలు పట్టుకెళ్ళింది.

"ముసలాయనేడీ?" అన్నాడు ఎర్రబాబు.

"పొయ్యి దగ్గరున్నాడు. మీరు గెలవండి చాలు," అంది.

వాడు ఆ చొక్కా మొహానికి ఒకసారి అదుముకుని మళ్ళీ మైదానంలోకి పోయాడు.

ఆడారు, ఆడారు, ఆడారు. వానలో, బురదలో పడుతూ లేస్తూ ఆడారు. పొద్దువాలేవేళ ఎర్రబాబు బంతిని తన్నాడు. వలలో పడింది! మెట్లు విరిగిపోతాయేమో అన్నట్టు జనం ఎగిరారు. వెల్మౌతు పైకెక్కింది!

ఆగ్నేసమ్మ పడుతూ లేస్తూ గదికి పరిగెత్తింది. "నూకన్నా, లే! గెలిచారయ్యా, లే, పరుద్దువుగాని!"

నూకన్న లేవలేదు. చెయ్యి దుప్పటి మడత మీద ఉంది. కళ్ళు పైకప్పు కేసి చూస్తున్నాయి. ఆ ఆఖరి చప్పుడు విన్నాడో, వినకుండానే పోయాడో, ఆ దేవుడికే తెలియాలి.

ఆవిడ ఏడవలేదు. ఏడుపుకి టైము లేదు. దుప్పటి తీసుకుంది, పరిగెత్తింది, ఆటగాళ్ళొచ్చే దారిలో పరిచింది. ముసలి చేతులు, అటూ ఇటూ వంకరగా పరిచింది. మూడోసారి ఆ దుప్పటి నేలమీద పడింది. పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

ఎర్రబాబు వచ్చాడు. దుప్పటి చూసి ఆగాడు. నవ్వుతున్న మొహం అలాగే ఉండిపోయింది.

"ఆయనేడీ?"

అప్పుడు చెప్పింది ఆగ్నేసమ్మ. పోయినవాడికి వేసిన ఒట్టు తీరిపోయింది కదా. దేవుడి గురించి, అత్తారింటికి పోయే పిల్ల గురించి, ఏడాదంతా నూకన్న ఏం కోరుకున్నాడో, అన్నీ చెప్పింది. ఎర్రబాబు దుప్పటి కేసి చూసి, "నేను తన్నాను దీన్ని," అన్నాడు. "ఆయన్ని కూడా తోశాను. ఎందుకు చెప్పలేదు నాకు?"

"అడిగి చేయించుకుంటే మర్యాద కాదన్నాడు."

వాడు తన కాళ్ళ కేసి చూసుకున్నాడు. మోకాళ్ళదాకా బురద. "ఈ కాళ్ళతోనా?"

"బురద కాళ్ళకేనంట నాయనా పరిచేది."

ఎర్రబాబు అడుగేశాడు. మెల్లిగా, తలవంచుకుని, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడిచాడు. వాడి వెనక ఒకరి తర్వాత ఒకరు, జట్టంతా నడిచారు. వాళ్ళు దాటేసరికి తెల్లదుప్పటి తెల్లగా లేదు. అన్నీ అడుగులే.

ఆగ్నేసమ్మ వంగి దుప్పటి తీసింది. నానబెడదామని నీళ్ళ గాబు కేసి నడిచింది. అలవాటు కదా, మురికిబట్ట చేతిలో ఉంటే కాళ్ళు అటే పోతాయి. ఎర్రబాబు అడ్డం వచ్చాడు.

"ఉతక్కమ్మా," అన్నాడు. ఆ ఒక్క మాట అని, చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

అడుగులన్నీ పైకి కనిపించేలాగ ఆ దుప్పటినే నూకన్న మీద కప్పారు. దాంతోనే మట్టిచేశారు. ఆయన చేతికొచ్చి ఉతక్కుండా మిగిలిన బట్ట అదొక్కటే.

చాన్నాళ్ళకి ఓడలో వచ్చినవాళ్ళెవరో ఈ కబురు కోరంగికి తెచ్చారంట. వెల్మౌతులో ఇప్పటికీ ఏడాది ఆఖరి ఆట రోజున ఆటగాళ్ళ దారిలో తెల్లదుప్పటి పరుస్తారంట. గెలిచినా పరుస్తారు. ఓడి కింది మెట్టుకి పడిపోయిన ఏడు మరీ ముఖ్యంగా పరుస్తారు. ఆ రోజు ఎవరూ తిట్టరు, ఎవరూ ఏమీ విసరరు. కొత్త కుర్రాడెవడైనా సిగ్గుపడి ఆగిపోతే, వెనకున్నవాడు భుజం మీద చెయ్యేసి, "నూకన్న పరిచాడు, నడు," అంటాడంట.

మన రేవులోనూ, పొద్దువాలేవేళ ఆఖరి బట్ట మడతపెట్టేటప్పుడు, పెద్దాళ్ళు అదనంగా ఇంకో మడత వేసి "ఇది నూకన్నకి" అంటారు. ఎందుకంటారని అడిగితే ఈ కథ చెప్తారు.

ఉతికాం, ఆరేశాం. కథ మడతెట్టేద్దాం.