అరిచిన బేరింగులు

ఓబులేసుకు తన చెవి మీద మహా నమ్మకమండీ. చిక్కంతా అక్కడే వచ్చింది.

కదిరి దారిలో హుస్సేన్‌పీరా అని ఒక ఉస్తాద్ ట్రాక్టర్ల షెడ్డు నడిపేవాడు. దేవుణ్ణి తలుచుకోనిదే పానా ముట్టని మనిషి. ఆయన దగ్గర ఆరేళ్లుగా పని నేర్చుకుంటున్న శిష్యుడు ఈ ఓబులేసు. చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. చాలాసార్లు నిజమయ్యేది కూడా.

ఆ ఏడు అదునుకు ఒక్క వానే పడింది. మరునాడు పొద్దున్నే నారెమ్మ తన పాత ట్రాక్టరు తోలుకొచ్చింది. ముందు చక్రాలు రెండూ గరగరమంటున్నాయి.

"ఉస్తాద్ ఊళ్లోకి పోయినాడక్కా. నేను చూస్తాలే" అన్నాడు ఓబులేసు.

జాకీ ఎత్తి చక్రాలు విప్పాడు. లోపల గ్రీజు ఎండి మట్టిపెళ్లలా ఉంది. రెండువైపులా కలిపి నాలుగు బేరింగులు. వాటిని డీజిల్‌లో కడిగి, గాలిపైపు అందుకుని ఒక్కోదాని మీద గాలి కొట్టాడు. గిర్రున తిరుగుతూ కీచుమని అరిచాయవి. నాలుగూ అరిచాయి.

"వింటివా అక్కా? నాలుగూ పోయినాయి. అన్నీ కొత్తవే వేయాల!"

నారెమ్మ ఉన్నచోటే కూలబడింది.

"నాలుగా? ఉన్నదంతా విత్తనానికే పెడ్తి కదా అబ్బీ. రేపటికి విత్తకపోతే నేలలో పదును ఆరిపోతాది. ఈ బండిని పాతినుముకు ఇచ్చేసి, చేను బీడు పెట్టుకోవాల్సిందే."

అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు ఉస్తాద్. నేరుగా పోయి గాలి కట్టేశాడు. బేరింగులు తుడిచి, ఒక్కోదాన్ని వెలుతురుకు పట్టి, రోలర్ల మీద గోరు గీశాడు. మూడింటి మీద నున్నగా జారింది. నాలుగోదాని మీద గుంటల్లో తగులుకుంది. దాన్ని పక్కన పెట్టాడు.

"చెయ్యి చాపు బేటా."

ఓబులేసు అరచేతిలో ఇంత గ్రీజు వేసి, మంచి బేరింగు ఒకటి ఇచ్చాడు.

"ఒత్తు. ఆ పక్కనుంచి బయటికొచ్చేదాకా ఒత్తు."

పసిబిడ్డకు అన్నం పెట్టినట్టు చెయ్యాలండీ ఆ పని. తొందరపడితే లోపలికి పోదు. ఓబులేసుకు చెమటలు పట్టాయి. ఒకటైంది, రెండైంది, మూడూ అయ్యాయి. నాలుగోదాని చోట మాత్రం షెడ్డులో ఉన్న కొత్తది వేశారు.

ఉస్తాద్ చక్రాలు ఎక్కించి, నట్లు బిగించి, రవంత వదులు చేసి, చక్రాన్ని చేత్తో తోశాడు.

కళ్లు మూసుకుని మొక్కుకుంటున్న నారెమ్మకు ఏమీ వినపడలేదు.

"ఏం సామీ, తిరగలేదా?"

"తిరుగుతాంది. కళ్లు తెరువు తల్లీ."

తెరిచి చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

"కొత్తది ఒక్కటేనా?"

"ఒక్కటే."

నవ్వో ఏడుపో తెలియని ముఖంతో లేచి, ఓబులేసు వీపు మీద ఒకటి చరిచింది.

"నా ప్రాణం తీస్తివి గదరా అబ్బీ!"

బండెక్కి నేరుగా చేనిదారి పట్టింది. దేవుడు చల్లగా చూశాడు. ఆ సాయంత్రానికి ఆమె వేరుశనగ విత్తనం నేలలో పడింది.

ట్రాక్టరు మలుపు తిరిగాక ఓబులేసు మెల్లగా అడిగాడు.

"ఆ మూడు కూడా అరిచినాయి కదా ఉస్తాద్?"

"కడుపు ఎండబెట్టి గాలితో తరిమితివి" అన్నాడు ఉస్తాద్. "అరవవా, బేటా?"