గోరింకకు ముద్ర

కోట లోపల మందుల సంత ఉంది. ఏ మందైనా ఆ సంతలోకి వెళ్లాలంటే తలుపు దగ్గర ముద్రలాయన చేతి మీదుగానే వెళ్లాలి.

ఆయన పద్ధతి అందరికీ తెలుసు. మందును తూస్తాడు, వాసన చూస్తాడు, నాలుక మీద వేసుకుని రుచి చూస్తాడు. తర్వాత నలభై రోజులు తన గదిలో పెడతాడు. నలభై ఒకటో రోజున కూడా మొదటిరోజు ఉన్నట్టే ఉంటే లక్క ముద్ర వేస్తాడు. మారితే వేయడు. ఇదంతా చాదస్తమని నవ్వుకునేవాళ్లు ఉన్నారు. కానీ ఒకప్పుడు ఎవడో రంగునీళ్లను మందని అమ్మితే పదకొండు మంది పోయారు. వాళ్లలో ఆయన చెల్లెలు ఒకతి. అందుకే ఆ చాదస్తమంటే నాకు గౌరవం.

ఒక ఆషాఢంలో ఆయన దగ్గరికి పిట్టలమ్మ వచ్చింది. పక్షులకు మాటలు నేర్పడం ఆమె పని. చేతిలో పంజరం, పంజరంలో గోరింక.

"ఇదేం మందు?" అన్నాడు ముద్రలాయన.

"మందు కాదయ్యా. ఆయాసం ఉన్నవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల ఊపిరి వింటుంది. ఎప్పుడు కషాయం తాగాలో, ఎప్పుడు పని ఆపాలో ముందే చెబుతుంది. కింద వీధిలో నేతావిడ కావాలని కబురు పెట్టింది. జబ్బుకు వాడేది ఏదైనా నీ ముద్ర లేకుండా ఇవ్వకూడదు కదా."

నేతావిడ సంగతి ఆయనకు తెలుసు. కిందటి చలికాలం ఆమె రెండుసార్లు మగ్గం మీదే పడిపోయింది. మూడోసారి పడితే తన వల్ల కాదని వైద్యుడు చెప్పేశాడు.

ఆయన పుస్తకం తెరిచాడు. గోరింకను తూచాడు, వాసన చూశాడు. రుచి గడి దగ్గర కాసేపు తటపటాయించి, పిట్టలమ్మ చూడటం లేదని తేల్చుకుని, తోక ఈకకు నాలుక తాకించాడు. 'చప్పగా ఉంది' అని రాశాడు. గోరింక ఆయన వేలు పొడిచింది. అది రాయడానికి పుస్తకంలో గడి లేదు.

"కషాయం తాగావా?" అంది గోరింక. అప్పటికి దానికి వచ్చిన మాట అదొక్కటే. దాన్నీ రాసుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి నేతావిడ రోజూ పొద్దున్నే ముప్పై మెట్లెక్కి తలుపు దగ్గరికి వచ్చేది.

"అయిందా అయ్యా?"

"నలభై రోజులమ్మా. నీ కోసమే ఇదంతా."

"అది నిజమేలే. కానీ నా ఊపిరి ఎప్పుడు ఆగిపోతుందో నాకు తెలీదు. తెలిసేసరికి నోట మాట రాదు."

వాళ్లు మాట్లాడుకుంటుంటే గోరింక మెడ వాల్చి వినేది.

నలభై ఒకటో రోజున నేతావిడ గుమ్మంలోకి రాగానే, "కూర్చో తల్లీ. ఊపిరి అందాక మాట్లాడు" అంది గోరింక. ముద్రలాయన మురిసిపోయాడు. ఆ వెంటనే మొహం వేలాడేశాడు. పుస్తకంలో 'మారింది' అని రాయక తప్పలేదు.

"మారేదాన్ని ఏ ధైర్యంతో ముద్ర వేసి పంపను?" అన్నాడు పిట్టలమ్మతో. "రేపు తప్పు నేర్చుకుంటే?"

"ఆవిడ ఊపిరి రోజూ ఒకేలా ఉండదు కదయ్యా!"

ఇద్దరి మాటా నిజమే. చిక్కంతా అక్కడే ఉంది.

మరో నలభై రోజులు పెట్టారు. ఈసారి మెట్ల మీద అడుగుల చప్పుడు వినే, "సగంలో ఆగి రా తల్లీ" అనడం నేర్చుకుంది. మళ్లీ 'మారింది'.

ఈలోగా చలి మొదలైంది. పిట్టలమ్మకు మనసొప్పలేదు, అయినా వేరే దారి కనపడలేదు. మూడోసారి నలభై రోజులకు పెట్టేముందు, ఏదీ విని మారకుండా గోరింక చెవుల్లో దూది పెట్టి, పంజరం మీద గుడ్డ కప్పింది. నలభై ఒకటో రోజున గుడ్డ తీస్తే, "కషాయం తాగావా?" అంది. మొదటిరోజు అన్నది అన్నట్టే. ముద్రలాయన సంతోషంగా దాని కాలికి లక్క ముద్ర కట్టాడు.

కబురందగానే నేతావిడ మంచులో ముప్పై మెట్లూ ఒక్క బిగిన ఎక్కేసింది. గుమ్మం దగ్గర ఊపిరి అందలేదు. పెదాలు నీలంగా మారాయి. గోడ పట్టుకుని గోరింక వైపు చూసింది.

"కషాయం తాగావా?" అంది గోరింక. ఆమె మోకాళ్ల మీద కూలిపోతుంటే మళ్లీ అదే మాట అంది.

"కూర్చో తల్లీ! ఊపిరి అందాక మాట్లాడు!" అంటూ ముద్రలాయన పరుగెత్తాడు. ఆమెను ఒడిసి పట్టి కూర్చోబెట్టాడు, ముందుకు వంచి వీపు రాశాడు. పిట్టలమ్మ ఆమె చెంగు ముడిలోని కషాయం సీసా విప్పి గుక్క గుక్కగా తాగించింది. ఆమె పెదాలకు రంగు వచ్చేదాకా ముద్రలాయన వీపు రాస్తూనే ఉన్నాడు. తన నోటి నుంచి వచ్చిన మాట ఎవరిదో అప్పుడు గానీ తట్టలేదు ఆయనకు. దూది సంగతి పిట్టలమ్మ ఒప్పుకుంది.

"తల్లీ, నేను ముద్ర వేసింది చెవిటిదానికి" అన్నాడు. కళ్లు తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు.

గోరింక చెవుల్లో దూది మెల్లగా తీశాడు. కాలికున్న ముద్ర కోసేశాడు.

పిట్టలమ్మ గబగబా దగ్గరికి వచ్చింది. "మళ్లీ నలభై రోజులా అయ్యా?"

"కాదు. గోరింక ఈవిడ ఇంటికి వెళ్తుంది. తప్పేమైనా నేర్చుకుంటుందేమో చూడటానికి వెనకే నేనూ వస్తాను."

ఆ చలికాలమంతా తలుపు దగ్గర పనవగానే ఆయన పుస్తకం చంకన పెట్టుకుని మెట్లు దిగేవాడు. నేతావిడ గుమ్మంలో పీట వేసుకుని గోరింక ఏమంటోందో వినేవాడు. ఆ తర్వాత ఆమె చెప్పేది వినేవాడు. ఒకటి రెండుసార్లు గోరింక పొరపాటు పడితే పిట్టలమ్మను పిలిపించి దిద్దించాడు.

పుష్యమాసం చివర ఒక సాయంత్రం, తూకం, వాసన, రుచి అని ఉన్న గడులన్నీ కొట్టేసి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు: 'ఇవాళ మూడు గజాలు నేశాను. మధ్యలో రెండుసార్లు గోరింక ఆపమంటే ఆపాను. ఒక్కసారీ పడలేదు.'

లక్క కరిగించి, ఆ మాటల కింద ముద్ర వేశాడు.