సీసం తాగిన ఆవచేను

కాళ్ళు కడుక్కున్నావా? లేదూ? నీతో వేగలేను నాన్నా. సరే, దుప్పట్లో దూరు. ఊ కొడుతూ ఉండు, నువ్వు ఆపితే నేనూ ఆపేస్తాను.

అనగా అనగా ఏటిగట్టు పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో సూరన్న, అతని పెళ్ళాం నూకాలు, సూరన్న తల్లి గంగమ్మ ఉండేవాళ్ళు. వాళ్ళకి పైడి అని ఒక పసిపిల్ల. ఇంటి వెనక అరెకరం పెరడు. ఏ కూర వండినా ఆ పెరట్లో కాసిందే.

అప్పుడు పట్నం నుంచి ఒకడొచ్చి, పెరటి కంచెకి ఆనుకుని రేకుల షెడ్డు వేశాడు. పాత బ్యాటరీలు పగలగొట్టి, అందులోని సీసం కరిగించేవాడు. ఆ మురికినీళ్ళు ఎటు పోతున్నాయని ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఎందుకడుగుతారు, ఆ నోళ్ళు కబుర్లకే సరిపోయాయి. ఏడాది తిరిగాక వాడు మూటాముల్లె సర్దుకుని పోయాడు. సీసం మాత్రం పెరట్లో ఉండిపోయింది.

ఆ తర్వాత పైడికి కడుపునొప్పి పట్టుకుంది. రెండేళ్ళ పిల్ల, అన్నం ముట్టదు, ఆడదు, నాలుగడుగులు వేసి కూలబడుతుంది. గంగమ్మ ఉప్పు తిప్పి దిష్టి తీసింది. అప్పటికీ తగ్గకపోతే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ రక్తం తీయించి చూసి, "పిల్ల ఒంట్లో సీసం చేరింది. మట్టి నోట్లో పెట్టుకునే వయసు. ఆ పెరడు బాగయ్యేదాకా ఆ ఇంట్లో ఉంచకండి" అంది.

అప్పుడు నూకాలు పిల్లని పొరుగూళ్ళో చెల్లెలి దగ్గర వదిలిపెట్టి, దారంతా ఏడుస్తూ తిరిగొచ్చింది. పండక్కీ పబ్బానికీ వెళ్ళి చూసి రావడమే ఇక.

ఆ తర్వాత మట్టి పరీక్షలు చేసే సుభాషిణమ్మ వచ్చింది. జానెడు లోతున పైమట్టి గీకించి లారీలో పంపేసింది. లోపలికి దిగిన సీసం కోసం ఆవాలు చల్లించింది. "ఆవమొక్క వేర్లతో సీసాన్ని పీల్చుకుంటుంది. పూత రాగానే వేర్లతో సహా పీకి బస్తాల్లో కట్టండి, లారీ పంపుతాను. ఏడాదికో పంట. మూడు పంటలు పీకితే పిల్లని తెచ్చుకోవచ్చు. ఒక్క ఆకు కూడా ఇక్కడ మిగలకూడదు" అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

విన్నారా? తలలైతే ఊపారు.

మొదటి ఏడు చేను నడుమెత్తు లేచింది. సూరన్న చూసి మురిసిపోయాడు. మురిసి ఊరుకుంటే బాగుండేది. ఇంత పచ్చిరొట్ట ఎవడైనా పారేస్తాడా, మట్టికి ఎంత బలం అనుకుని, నాగలి కట్టి చేనంతా కలియదున్నేశాడు. పీల్చిన సీసం పీల్చినట్టు మళ్ళీ మట్టిలోకే పోయింది. మంచి రైతే, నేను కాదనను. చేసిందంతా మంచి రైతు చేసే పనే. దాంతో సుభాషిణమ్మ లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టమంది.

రెండో ఏడు సూరన్న నాగలి జోలికి పోలేదు. ఈసారి గంగమ్మ తగులుకుంది. "పూత మీద పీకుతావా, చేతులెలా వస్తాయిరా, నాలుగు గింజలు రానీ" అని అడ్డం పడింది. కాయ ముదిరేసరికి ఆకంతా రాలి మట్టిలో కలిసిపోయింది. ఎండాకాలం రాగానే ఆ గింజలు దంచి జాడీడు ఆవకాయ పెట్టింది మహాతల్లి. సుభాషిణమ్మ ఆ జాడీని మూత తీయనివ్వకుండా లారీ ఎక్కించింది. జాడీ పోయిందని గంగమ్మ రెండ్రోజులు అన్నం మానేసింది. మనవరాలు దూరమైనప్పుడు ఒక్క పూట మానలేదు సుమా.

మూడో ఏడు నూకాలు ఇద్దరినీ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, చేను తనే పీకింది. పీకి కుప్ప వేసింది. లారీ నాలుగు రోజులు ఆలస్యమైంది. కుప్ప ఎండింది. చలికాలం కదా, పొద్దున్నే నీళ్ళు కాచాలి, చేతికందిన కట్టె పొయ్యిలో పెట్టడం నూకాలికి చిన్నప్పటి అలవాటు. ఆ తర్వాత పొయ్యిలో ఆ ఆవకట్టెల బూడిద ఎత్తి, చిక్కుడుపాదుకి పేనుబంక పట్టిందని చల్లింది. సగం చల్లాక చెయ్యి చూసుకుంది. చేట కింద పెట్టి అక్కడే కూర్చుండిపోయింది. తిట్టడానికి ఈసారి ఎవరూ దొరకలేదు.

నాకు ఒళ్ళు మండిపోతుంది నాన్నా ఈ మాట చెప్పేటప్పుడు. మూడేళ్ళు. ముగ్గురూ చెడ్డవాళ్ళు కాదు, సోమరులు అసలే కాదు.

అప్పుడు నూకాలు లేచి, మొగుణ్ణీ అత్తనీ పిలిచింది. "మన ఇంట్లో ఎవరికీ పారెయ్యడం చేతకాదు. అది నేర్చుకునేదాకా నా పిల్ల రాదు" అంది.

ఆ తర్వాత మూడేళ్ళు పూత కనబడిన రోజే పీకారు. ముగ్గురూ కలిసి బస్తాలు కుట్టారు. రాలిన ఆకులు గంగమ్మే ఏరింది. లారీ వంతెన దాటేదాకా నూకాలు రోడ్డు మీదే నిలబడేది. పక్కింటావిడ "పప్పులోకి నాలుగు ఆకులివ్వవే" అంటే, "నీ పప్పులో గోంగూర వేసుకో పో" అని తరిమింది. మూడో లారీ వెళ్ళాక సుభాషిణమ్మ మట్టి పరీక్ష చేసి, పిల్లని తెచ్చుకోండి అంది.

అప్పుడు చెల్లెలు పైడిని తీసుకొచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల, నిండుగా, ఆరోగ్యంగా ఉంది. గుమ్మం ముందు ఆగిపోయింది. నూకాలు చేతులు చాచి "రావే తల్లీ" అంది. పిల్ల పిన్ని కొంగు పట్టుకుని, "అమ్మా, వెళ్ళనా?" అని అడిగింది.

పిన్నిని అడిగింది నాన్నా. పిన్నిని, అమ్మా అని.

సూరన్న తల దించుకున్నాడు. గంగమ్మ గోడ వైపు తిరిగింది. నూకాలు పెరట్లోకి వెళ్ళి మట్టిలోనే కూర్చుంది. కాసేపటికి పైడి వచ్చి, "ఇక్కడ కూర్చోవచ్చా?" అంది.

"కూర్చో. నీ పెరడే" అంది నూకాలు.

మట్టి బాగవడానికి మూడు పంటలు చాలాయి. ఆ పిల్ల నూకాల్ని అమ్మా అని పిలవడానికి ఇంకో ఏడాది పట్టింది. పిలిచిందిలే, చివరికి పిలిచింది. ఏడవకు.

కథేమో కంచికి,
పైడేమో తల్లి చెంతకి,
నువ్వేమో నిద్దరకి.