సరుగుడు చెట్టు సుయ్‌మనేదెందుకు?

ఒకప్పుడు సరుగుడు చెట్టుకి బాదం ఆకులంత వెడల్పాటి ఆకులుండేవి. ఎంత గాలి వీచినా కిక్కురుమనేది కాదు. పిల్లలు దాన్ని మొద్దుచెట్టు అని ఏడిపించేవారు. అది విననట్టు ఊరుకునేది, పాపం.

ఆ చెట్టున్న ఒడ్డునే అసిరమ్మ ఉండేది. ఆమెవి పాము చెవులు. పొద్దున్నే మంచు కమ్మి ఒడ్డు కనపడకపోతే, చేపల వేట నుంచి వచ్చే తెప్పలవాళ్లు "ఓయ్" అని కేకేసేవారు. ఎంత దూరం కేకైనా అసిరమ్మ పట్టేసి, "ఇటు రండి" అని తిరిగి అరిచేది. ఆ గొంతును బట్టే వాళ్లు రాళ్లు తప్పించుకుని ఒడ్డు చేరేవారు.

ఒకరోజు వల బాగుచేసుకుంటుంటే ఉన్నట్టుండి ఆమె చెవిలో గుయ్‌మంది. తల విదిల్చింది. వేలు పెట్టి ఆడించింది. ఊహూఁ, ఆగలేదు. చెవిలో హోరు పుట్టింది అనుకుంది. హోరు అనగానే అసిరమ్మకి తట్టేది ఒకటే, సముద్రం. కొంగు బిగించి నీళ్ల దగ్గరికి పోయింది.

"నీ హోరు నా చెవిలో ఒగ్గేసినావేటి? మర్యాదగా తీసుకుపో," అంది.

సముద్రం తెల్లబోయింది. "నా హోరు నా దగ్గరే ఉంది తల్లీ. నా పక్కనే ఉండిపో, నీ గుయ్ నీకు వినపడదు."

"నీ పక్కనుంటే తెప్పల కేకలూ వినపడవు కదా," అని విసుక్కుని అసిరమ్మ మొద్దుచెట్టు కిందికి వచ్చింది. చెవుల్లో దూది కుక్కుకుంది. చప్పుడు తగ్గేకొద్దీ గుయ్ ఇంకా పెద్దదైంది.

అంతలో మంచు దిగింది. ఆమె మొగుడు పోలయ్య తెప్ప ఇంకా నీళ్ల మీదే ఉంది. "నాకు కేక వినపడకపోతే నా పోలయ్య రాళ్ల మీదికి పోతాడు," అని అసిరమ్మ ఏడ్చింది.

చెట్టుకి కడుపు తరుక్కుపోయింది. "దూది తీసెయ్ అమ్మా," అని మొదటిసారి నోరు విప్పింది. "సముద్రమంత పెద్ద చప్పుడు కేకను మింగేస్తుంది. చప్పుడే లేకపోతే గుయ్ రేగుతోంది. నీకు కావాల్సింది చిన్న చప్పుడు. ఓ గాలీ, కాస్త నాలో మోగు."

"ఇంత వెడల్పు ఆకుల్లో ఎలా మోగను? సన్నగా చీలాలి. నొప్పి పుడుతుంది మరి," అంది గాలి.

"పుట్టనీ, చీల్చు."

గాలి ఒక్కో ఆకునీ సూదుల్లా చీల్చింది. చెట్టు పంటిబిగువున ఓర్చుకుంది. అప్పుడు కొమ్మల్లోంచి సన్నగా సుయ్‌మంది.

దూది తీసేసిన అసిరమ్మ చెవిలో గుయ్ పోలేదు. కానీ ఆ సుయ్‌లో కలిసి మెత్తబడింది. ఆమె మనసు దాన్ని వదిలేసి సముద్రం వైపు తిరిగింది. దూరంగా, సన్నగా, "ఓయ్."

"ఇటు రా, పోలయ్యా," అని ఊపిరంతా పెట్టి అరిచింది. కాసేపటికి తెప్ప ఇసకని తాకింది.

అప్పటినుంచే సరుగుడు ఆకులు సూదుల్లా ఉంటాయి. ఒడ్డున ఇంకే ఆకూ కదలని రోజున కూడా ఆ చెట్టు సుయ్‌మంటూనే ఉంటుంది, కింద ఎవరి చెవి గుయ్‌మంటోందో ఏమో అని.