కండువా కొస

నల్లగుండ కోటకి తిరిగొచ్చిన మర్నాడే ఎర్రభూపతి మహారాజుకి న్యాయం చెయ్యాలని బుద్ధి పుట్టింది.

"ఆర్నెల్లు శత్రువు ఇక్కడ కాపురమున్నాడు. వాడికి ఊడిగం చేసినవాళ్ళెవరో ఈ పూట తేలాలి," అన్నారు.

ఆ ఆర్నెల్లూ రాజుగారు అడవిలో ఉన్నారు. ఆ తర్వాత ఏదో ఒప్పందం కుదిరి శత్రువు వెళ్ళిపోయాడు. ఏం ఒప్పందమని ఎవరూ అడగలేదు.

రాజుగారి తాంబూలప్పెట్టె మోసే కుప్పన్నని నేను. నా వీరత్వం కూడా చెప్పేస్తాను: ఆర్నెల్లూ ధాన్యం పాతరలో దాక్కున్నాను. బయటికొచ్చేసరికి పాతర చిక్కింది, నేను ఒళ్ళు చేశాను.

దండనాయకుడు సోమినాయుడు మొదటి ద్రోహిని ఈడ్చుకొచ్చాడు. చాకలి నూకయ్య.

"వీడు శత్రు సేనాని బట్టలుతికాడు ప్రభూ. రెండు చేతులూ నరికించాలి. ఇదిగో, సేనాని తలపాగా. వీడింట్లోనే దొరికింది."

నూకయ్య రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

"అది సేనానిదే అని ఎలా తెలిసింది నాయుడుగారూ?" అన్నాను.

"కొసన జీడిరసంతో పెట్టిన చాకలి గుర్తుంది, చూడు. మూడు చుక్కలు, కింద అడ్డగీత. సేనాని బసకి ఆ గుర్తు పెట్టానని వీడే ఒప్పుకున్నాడు."

"అయితే ఆ గుర్తున్న గుడ్డ ఎవరి దగ్గరున్నా ద్రోహే అంటారు?"

"అనుమానమేముంది? ఎంతటివాడైనా సరే."

రాజుగారు తలూపారు. రాయసగాడు ఆ మాట శాసనంలో ఎక్కించాడు.

"అయితే ప్రభూ, నాయుడుగారి కండువా కొస ఒకసారి తిప్పించండి. ఇందాక తాంబూలం వేసుకుని దాంతోనే మూతి తుడుచుకున్నారు."

తిప్పారు. మూడు చుక్కలు, కింద అడ్డగీత.

సోమినాయుడు కండువా లాక్కున్నాడు. "ఈ చాకలాడే బట్టలు మార్చేసుంటాడు ప్రభూ."

నూకయ్య మొదటిసారి నోరు విప్పాడు.

"మార్చలేదు బాబయ్యా. ఆర్నెల్లూ తమ బట్టలు సేనానిగారి మూటలోనే వచ్చేవి కదండీ. ఒక మూటకి ఒకటే గుర్తు పెడతాం."

సభలో సన్నగా బట్టల రెపరెప వినిపించింది. చూద్దును కదా, మంత్రిగారు కండువా కొస నడుములో దోపుకుంటున్నారు. పురోహితులు తమ కొసమీద కూర్చున్నారు. రాయసగాడు శాసనం మీద సిరా ఒలకబోసి, "అయ్యో," అన్నాడు.

రాజుగారు పగలబడి నవ్వారు.

"అందరి చేతులూ నరికితే నాకు వింజామర వీచేదెవరు? నూకయ్యని వదలండి. నాయుడూ, ఏడాదిపాటు వీడి మూటలు రేవుకి నువ్వు మొయ్యి."

నవ్వుతూనే తమ భుజం మీది జరీ శాలువా తీసి నాకు కప్పారు.

అలవాటుకొద్దీ కొస తిప్పబోయాను.

రాజుగారు నా చెవి దగ్గరికి వంగారు.

"తిప్పకు కుప్పన్నా."