రణభేరుండ యుగం

ఒకానొక రాజ్యాన్ని రణభేరుండరాజు అనే మహానుభావుడు ఏలేవాడు. పేరు చూసి యుద్ధాలు చేశాడనుకునేరు. ఆయన చేసిందల్లా మూడు పూటలా కోడికూరతో భోంచెయ్యడం.

ఆయనకో రోజు బుద్ధి పుట్టింది. "కృతయుగం, త్రేతాయుగం అంటూ ఏవేవో పేర్లు. నేను గద్దెనెక్కాక కూడా ఇది కలియుగమేనా? ఇకమీదట రణభేరుండ యుగం" అన్నాడు.

పండితులు సభ తీర్చారు. పట్టాభిషేకం నుంచి లెక్కపెట్టాలని ఒకాయన, కాదు, పుట్టిన గడియ నుంచని ఇంకొకాయన. ఆరు నెలలు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. చివరికి అందరిలోకీ పెద్దవాడైన గణపతిశాస్త్రి తేల్చాడు: "ప్రతి యుగమూ భూమిలో ఒక పొర వదిలిపోతుంది. ప్రభువులవారి పొర ఎక్కడ మొదలైందో తవ్వి చూసి, అక్కడ బంగారు మేకు దిగ్గొడితే యుగం ఖాయం."

ముహూర్తం చూసి, దిక్కు చూసి కోట వెనక ఒక చోటు చూపించారు. అది వంటశాల చెత్త పోసే దిబ్బ అని వాళ్ళకేం తెలుసు, ఎప్పుడైనా అటు వెళ్తేగా. బావులు తవ్వే ఓబులును పిలిపించారు.

"పున్నమిలోగా నా పొర చూపించకపోతే నీ తల తీయిస్తా" అన్నాడు రాజు.

ఓబులుకు రెండు రోజుల్లోనే పొర దొరికింది. చూసి, కొండుభట్టు ఇంటికి పరిగెత్తాడు. కొండుభట్టు ఆ ఆస్థానంలో మాటకారి. రాజుకు ఆయనంటే ఇష్టమూ, కాస్త భయమూ.

"సామీ, రాజుగారి పొర నిండా కోడి బొమికలే. చూపిస్తే తల పోతాది, చూపించకపోయినా పోతాది. ఇంట్లో పసిబిడ్డలున్నారు సామీ."

భట్టుకు రాజు మీద ఒళ్ళు మండింది. "నువ్వు నోరు మెదపకు. నేను చూసుకుంటా" అన్నాడు.

పున్నమినాడు పొద్దున్నే అందరూ గుంట దగ్గర చేరారు. పైన మూరెడు మందాన తెల్లటి బొమికలు, వాటి కింద నల్లటి బూడిద, ఇంకా కింద ఎర్రమన్ను.

"ఏదిరా నా పొర?" అన్నాడు రాజు.

ఓబులు భట్టు వైపు చూశాడు. భట్టు పైపొర చూపించాడు.

రాజు మొహం కందగడ్డయింది. "ఈ చెత్త నాదా?"

"తమది కాదంటే కాదనే రాయిద్దాం మహాప్రభూ. కింద బూడిద తమకు ముందేలిన తాతగారి నాటిది, ఆయన రాగిసంకటి తినేవారు. మరి తమరు ఏలిన ఈ పన్నెండేళ్ళలో, తమ కోటలోనే కూర్చుని ఇన్ని కోళ్ళు తిన్నవాడెవడో తేలాలి కదా. తమ యుగాన్ని కాజేసినవాడు వాడే. తల తీయించాల్సింది వాడిది, ఓబులుది కాదు. వెతికించమంటారా?"

గణపతిశాస్త్రి మేకు పట్టుకుని ఆకాశంకేసి చూస్తున్నాడు.

రాజు నేలచూపులు చూస్తూ, "అక్కర్లేదు. అది నా పొరే. ఓబులును వదిలెయ్యండి" అని గొణిగాడు. తర్వాత కాస్త ఆశగా అడిగాడు: "పోనీలే భట్టూ, వెయ్యేళ్ళ తర్వాత ఎవరైనా ఇక్కడ తవ్వితే నన్ను తలుచుకుంటారంటావా?"

"తమ పేరు వాళ్ళకెలా తెలుస్తుంది ప్రభూ? అప్పటి పండితులు ఈ రాశి చూసి, ఆరు నెలలు వాదించుకుని, ఇక్కడ కోళ్ళు రాజ్యమేలాయని తేలుస్తారు."

రాజు ముందు గుడ్లురిమాడు. ఆపైన నవ్వు ఆపుకోలేకపోయాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు. భట్టుకు చేతి కంకణం తీసిచ్చాడు, ఓబులుకు మడిచెక్క రాయించాడు, పండితులను ఇళ్ళకు పంపేశాడు.

ఆ పూట ఆయన పప్పూ చారుతో భోంచేశాడంటారు. మర్నాటి సంగతి మాత్రం నన్నడక్కండి.